రొయ్యల ల్యాబు, మేతల షాపు సమీక్ష: నీళ్ల సీసా గట్టు దిగిన దగ్గర్నుంచి సలహా గట్టుకు చేరేదాకా

నెల్లూరు నుంచి ముత్తుకూరు పోయే దారిలోనూ, ఇటు తోటపల్లి గూడూరు, ఇందుకూరుపేట వైపూ నీటి పరీక్షల ల్యాబును, మేతల షాపును ఒకే కప్పు కింద నడిపే దుకాణాలు చాలా ఉన్నాయి. ఇక్కడ రాస్తున్నది వాటిలో ఒకదాని గురించి. ముందు గదిలో మేత బస్తాలు, మందుల అలమరలు, బిల్లు కౌంటరు. వెనక గదిలో ల్యాబు. పేరు రాయడం లేదు. ఇందులో చెప్పే మంచీ చెడూ ఆ తరహా షాపులు చాలావాటికి వర్తిస్తాయి, మీరు ఖాతా పెట్టుకున్న షాపును కూడా ఇవే కొలతలతో చూసుకోవచ్చు.

ల్యాబుకు ఐదింటికి నాలుగు మార్కులు, కౌంటరుకు రెండు. రెంటి మధ్య ఇంత తేడా ఎందుకొచ్చిందో తెలిస్తే రైతుకు డబ్బు మిగులుతుంది, షాపుకు పేరు నిలుస్తుంది. షాపులో రైతు ఉండేది పావుగంటో అరగంటో. ఆ షాపు చెప్పిన మాట మీద రొయ్యల గుంట నడిచేది 100 నుంచి 120 రోజులు. అందుకని కుర్చీలు, ఏసీ, టీ చూసి మంచి షాపని తేల్చలేం. సీసా గట్టు దిగిన గంట నుంచి సలహా గట్టుకు చేరే గంట దాకా మధ్యలో ఏం జరిగింది, ఆ సలహాతో గుంట మీద ఉన్న మనిషి ఏం చేయగలిగాడు, చూడాల్సింది అది.

మొదట మెచ్చుకోవాల్సింది ఖాళీ సీసాలు ముందే ఇచ్చి పంపడం. కడిగీ కడగని కూల్‌డ్రింక్ సీసాలో పట్టుకొచ్చిన నీళ్లకు పీహెచ్ చూసినా, విబ్రియో (రొయ్యకు జబ్బు తెచ్చే బ్యాక్టీరియా) చూసినా ఆ అంకెలను నమ్మడానికి లేదు. ఇక్కడ ప్రతి గుంటకూ రెండు సీసాలు ఇస్తారు. అర లీటరుది మామూలు పరీక్షలకు. ఎర్ర మూత ఉన్న చిన్నది స్టెరైల్ చేసింది, బ్యాక్టీరియా పరీక్షకు. పెద్ద సీసాను గుంట నీళ్లతోనే మూడుసార్లు తొలిచి, ఏరేటర్లకూ నీళ్లు వచ్చే పైపుకూ దూరంగా, మోచేయి లోతులో ముంచి, నీళ్లలోనే మూత బిగించాలి. లోపల గాలి బుడగ ఉండకూడదు. చిన్న సీసాను మాత్రం తొలవకూడదు, మూత లోపలి వైపు వేలు తగలకూడదు. రెండింటినీ ఐస్ పెట్టెలో పెట్టి, రెండు మూడు గంటల్లో ల్యాబుకు చేర్చాలి. ఇదంతా సీసాలు ఇచ్చేటప్పుడు కుర్రాడు నోటితో చెబుతాడు. అదే తెలుగులో రాసిన చీటీ ఒకటి ఐస్ పెట్టె మూత మీద అంటిస్తే ఇంకా బాగుండేది. ఎందుకంటే సీసాలు తీసుకునేది ఒకరు, మర్నాడు నీళ్లు పట్టేది ఇంకొకరు.

సీసా మీద స్టిక్కరు ఉంటుంది. గుంట నంబరు, నీళ్లు పట్టిన టైము, కల్చర్ (పెంపకం) ఎన్నో రోజు, నిన్న వేసిన మేత ఎన్ని కిలోలు అని నాలుగు గళ్లు. ఈ నాలుగూ అవసరమైనవే. పగలు నాచు నీళ్లలోని కార్బన్ డయాక్సైడ్‌ను వాడుకుంటుంది, అందుకే సాయంత్రానికి పీహెచ్ పెరుగుతుంది, తెల్లవారుజాముకు తగ్గుతుంది. ఉదయం ఆరింటికి 7.8, మధ్యాహ్నం మూడింటికి 8.2 ఉన్న గుంట కుదురుగా ఉన్నట్టు. ఉదయం 7.6, మధ్యాహ్నం 8.8 ఉంటే నాచు ముదిరింది, ఆల్కలినిటీ (పీహెచ్‌ను నిలకడగా ఉంచే నీటి గుణం) చాలడం లేదు అని అర్థం. రోజులో తేడా 0.5 దాటకూడదు. పదింటికి పట్టిన ఒకే ఒక్క సీసా ఈ రెండు గుంటలనూ ఒకేలా చూపించగలదు. టైము గడి ఖాళీగా ఉన్న సీసాను కౌంటరులో తీసుకోకూడదు. ఇక్కడ తీసుకుంటున్నారు. 'అన్నా, ఎన్నింటికి పట్టారు?' అని ఒక్క మాట అడిగి రాసుకుంటే తీరిపోయే లోపం ఇది.

స్టిక్కరు మీద లేని ఐదో గడి నీటి లోతు. దాని అవసరం కౌంటరు దగ్గర తెలుస్తుంది, అక్కడికి వద్దాం.

ల్యాబు నిజాయితీని చూపించే చిన్న విషయం ఒకటుంది. రిపోర్టులో డీఓ గడి ఉంటుంది, చాలా రిపోర్టుల్లో అక్కడ అడ్డగీత మాత్రమే ఉంటుంది. కరిగిన ఆక్సిజన్ అంకె ఇవ్వలేదేమని కొందరు రైతులు కోప్పడతారు. గీత పెట్టడమే సరైన పని. బైకు మీద పదిహేను కిలోమీటర్లు కుదుపుల్లో వచ్చిన సీసాలో డీఓ కొలిస్తే వచ్చే అంకెకూ గుంటకూ సంబంధం ఉండదు. గట్టు మీదే మాంగనస్ సల్ఫేట్, ఆల్కలీ అయొడైడ్ ద్రావణాలు వేసి ఫిక్స్ చేసి తెస్తేనే ల్యాబులో లెక్కకట్టగలరు. లేదా మీటరునే గుంట మీదకు తీసుకెళ్లాలి.

మీటరు పట్టుకుని వారానికోసారి తిరిగే కుర్రాడు ఈ షాపుకు ఉన్నాడు. ఆ సేవకు విడిగా డబ్బు తీసుకోరు. అయితే అతను వచ్చేది ఉదయం పదకొండింటికి. ఆ వేళకు ఎండ పడి, నాచు ఆక్సిజన్ వదులుతూ ఉంటుంది. 6, 7 పీపీఎం (లీటరు నీటికి మిల్లీగ్రాములు) కనిపిస్తుంది, అందరూ నిశ్చింతగా ఉంటారు. గుంట ఊపిరి అందక అల్లాడేది తెల్లవారుజామున మూడు నుంచి ఐదింటి మధ్య. అప్పుడు 4 కంటే పైన ఉందా, 3కి దిగిందా అన్నదే రొయ్య బతుకు. కుర్రాణ్ని ఆ వేళ తిప్పడం కష్టమే. దానికి మార్గం ఉంది. మీటర్లు రెండు మూడు కొని డిపాజిట్ తీసుకుని ఒక్కో రాత్రికి రైతులకే ఇవ్వొచ్చు. పగటి అంకె చూపించి ఏరేటర్లు చాలునని చెప్పడం కంటే అసలు కొలవకపోవడమే నయం.

రిపోర్టు ఏ4 కాగితం. ఎడమ వైపు పరీక్ష పేరు, మధ్యలో మీ గుంట అంకె, కుడి వైపు ఉండాల్సిన అంకె. అన్నీ ఇంగ్లీషులో. కింద మూడో వంతు ఖాళీ వదులుతారు. అక్కడ టెక్నీషియన్ నీలం ఇంకుతో తెలుగులో రాస్తారు. పీహెచ్ 8.5, మొత్తం అమ్మోనియా 1 పీపీఎం ఉన్న ఒక రిపోర్టు కింద రాసినవి ఇవి: 'మేత రెండు రోజులు సగానికి తగ్గించండి. తర్వాత చెక్ ట్రే చూసి పెంచండి. రాత్రి ఏరేటర్లు అన్నీ వేయండి. సున్నం ఇప్పుడు వద్దు. ఎల్లుండి మళ్లీ నీళ్లు తెండి.' చెక్ ట్రే అంటే మేత ఎంత మిగిలిందో చూడ్డానికి గుంటలో దించే పళ్లెం.

ఇందులో ప్రతి వరసకూ కారణం ఉంది. అమ్మోనియా అంకెను ఒంటరిగా చదవకూడదు. నీటి వేడి 30 డిగ్రీలు ఉన్నప్పుడు మొత్తం అమ్మోనియాలో విషంగా మారే భాగం పీహెచ్ 8 దగ్గర సుమారు ఏడున్నర శాతం, 8.5 దగ్గర ఇరవై శాతం, 9 దగ్గర నలభై ఐదు శాతం. అంటే అదే 1 పీపీఎం ఒక గుంటలో 0.075, ఇంకో గుంటలో 0.2, మరో గుంటలో 0.45. విషపు అమ్మోనియా 0.1 లోపు ఉండాలి. సున్నం వద్దన్నది ఇందుకే. ముఖ్యంగా తడిపిన సున్నం పీహెచ్‌ను ఎగదోస్తుంది, ఉన్న అమ్మోనియాలో విషమయ్యే భాగం ఒక్కసారిగా పెరుగుతుంది. మేత తగ్గించమన్నది ఎందుకంటే ఆ అమ్మోనియా వచ్చేదే మేత నుంచి. మాంసకృత్తుల్లోని నత్రజనిలో రొయ్య ఒంటికి పట్టేది కొంతే, ఎక్కువ భాగం నీళ్లలోకే పోతుంది.

మేత అమ్మి బతికే షాపు మేత తగ్గించమని తన కాగితం మీద రాసి ఇచ్చింది. ల్యాబుకు నాలుగు మార్కులు ప్రధానంగా ఇందుకే. ఏ షాపునైనా పరీక్షించడానికి ఇంతకంటే మంచి దారి లేదు. కల్చర్ మొత్తంలో ఒక్కసారైనా 'ఇది కొనకండి', 'ఇది ఇంకా తగ్గించండి' అని చెప్పిందా చూడండి. చెప్పకపోతే అక్కడ జరిగే పరీక్షలు మందులు అమ్మడానికే. ముత్తుకూరులో 1991 నుంచి ఫిషరీస్ కాలేజీ ఉంది. చదువుకున్న మనుషులు ల్యాబుల్లో కూర్చోవడం ఈ జిల్లాకు కొత్త కాదు. వాళ్ల మాటకు షాపులో ఎంత విలువ ఇస్తున్నారన్నదే అసలు విషయం.

ఇక్కడ ఆ విలువ వెనక గది గుమ్మం దాకానే ఉంది. కాగితం ముందు గదికి రాగానే కౌంటరు కుర్రాడు నీలం ఇంకు వరసలు చదవడు, అచ్చులో ఉన్న అంకె చదువుతాడు. అమ్మోనియా ఎక్కువుంటే జియోలైటు, ఆల్కలినిటీ తక్కువుంటే సోడా, విబ్రియో ఉంటే శానిటైజరు, పైన ఒక ప్రోబయోటిక్. చేతులు అలమర మీదకు వాటంతట అవే పోతాయి. అతణ్ని తప్పుపట్టి లాభం లేదు, అతనికి నేర్పింది అంతే.

ఒక్కొక్కటే చూద్దాం. జియోలైటు మంచినీళ్లలో అమ్మోనియాను పట్టుకుంటుంది. ఉప్పునీళ్లలో సోడియం ఎక్కువ కాబట్టి ఆ చోటంతా సోడియమే ఆక్రమిస్తుంది, అమ్మోనియాకు మిగిలేది స్వల్పం. 15, 20 పీపీటీ సెలినిటీ (లీటరుకు 15, 20 గ్రాముల ఉప్పు) ఉన్న ఉప్పుటేటి నీళ్ల గుంటలో అమ్మోనియా కోసమని ఎకరాకు నాలుగైదు బస్తాల జియోలైటు చల్లడం డబ్బులు బురదలో కలపడమే.

సోడా సంగతికి నీటి లోతు కావాలి. ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు. లోతు 1.2 మీటర్లయితే నీళ్లు సుమారు 4,850 ఘనపు మీటర్లు. అంటే ఏ మందైనా 1 పీపీఎం పడాలంటే 4.85 కిలోలు వేయాలి. ఆల్కలినిటీ 1 పీపీఎం పెరగాలంటే సోడియం బైకార్బనేట్ 1.68 పీపీఎం పడాలి. 80 ఉన్న ఆల్కలినిటీని 100కి తేవాలంటే 33.6 పీపీఎం, అంటే ఎకరాకు దాదాపు 163 కిలోలు. కౌంటరులో 'ఎకరాకు పది కిలోలు చల్లండి' అంటారు. పది కిలోలకు పెరిగేది 1.2 పీపీఎం. మర్నాడు పరీక్ష చేసినా ఆ తేడా అంకెల్లో కనిపించదు. రైతు మందు పనిచేయలేదనుకుంటాడు, షాపు ఇంకో బ్రాండు ఇస్తుంది. అసలు జరిగింది లెక్క తప్పడం. స్టిక్కరు మీద లోతు గడి ఒకటి ఉండి, గుంట విస్తీర్ణం ఖాతాలో రాసుంటే ప్రతి మోతాదూ కంప్యూటరే కట్టి ఇస్తుంది. ఈ షాపులో బిల్లు కంప్యూటరు ఇప్పటికే ఉంది.

శానిటైజరు, ప్రోబయోటిక్ ఒకే బిల్లులో రావడం మూడో తప్పు. బీకేసీ, అయోడిన్ లాంటి శానిటైజర్లు వేసిన నీళ్లలో అదే రోజు ప్రోబయోటిక్ చల్లితే మంచి బ్యాక్టీరియా కూడా చస్తుంది. మధ్యలో కనీసం రెండు మూడు రోజులు ఆగాలి. రెండూ ఒకే సంచిలో ఇచ్చి పంపేటప్పుడు పొట్లం మీద స్కెచ్ పెన్నుతో తారీకు రాస్తే చాలు. గుంట మీద మనిషి రెండూ ఒక్క పూటలో కలిపి చల్లడు.

బోరు నీళ్లతో తక్కువ ఉప్పులో కల్చర్ చేసేవాళ్లకు ఒక హెచ్చరిక. ఈ ల్యాబు క్యాల్షియం, మెగ్నీషియం చూస్తుంది, పొటాషియం చూడదు. దానికి ఫ్లేమ్ ఫోటోమీటరు కావాలి, ఇక్కడ లేదు. బోరు నీళ్లలో ఉప్పు సరిపోయినట్టు కనిపించినా పొటాషియం చాలక రొయ్య వంకరపోవడం, గుల్ల విడిచాక కోలుకోకపోవడం జరుగుతుంది. సముద్రపు నీళ్లలో సోడియం, పొటాషియం నిష్పత్తి సుమారు 28కి 1. మీ నీళ్లు దానికి ఎంత దూరంలో ఉన్నాయో సీడు (రొయ్య పిల్లలు) వేయకముందే ఇంకో చోట చూపించుకోండి. మా దగ్గర ఆ పరీక్ష లేదని ఈ షాపు అడిగితే చెబుతుంది. అడగకముందే చెప్పాలి.

ఇక వేళల సంగతి. ఉదయం తొమ్మిదిలోపు ఇచ్చిన నీళ్ల రిపోర్టు మధ్యాహ్నం ఒంటిగంటకు వాట్సాప్‌లో వస్తుంది. ఇది మెచ్చుకోదగ్గ వేగం. రెండో పూట మేత వేయకముందే చేయి ఆపుకోవచ్చు. అయితే అది వెళ్లేది ఖాతా ఎవరి పేరు మీద ఉందో వాళ్ల ఫోనుకు. లీజుకు చేసే గుంటల్లో ఖాతాదారు నెల్లూరులో ఉంటారు, గుంట మీద ఉండేది పనివాళ్లు. ఇంగ్లీషు రిపోర్టు ఫోటో మధ్యాహ్నం ఒంటిగంటకు వచ్చి, రాత్రి ఎనిమిదింటికి 'మేత తగ్గించమంటన్నారు' అన్న మాటగా గట్టుకు చేరుతుంది. అప్పటికి రెండు పూటల మేత నీళ్లలో పడిపోయి ఉంటుంది. ల్యాబు నాలుగు గంటల్లో చేసిన పని అక్కడ ఏడు గంటలు నిలిచిపోయింది. ఖాతాకు రెండు నంబర్లు పెట్టి, నీలం ఇంకు వరసలను టెక్నీషియన్ గొంతుతోనే అర నిమిషం వాయిస్ మెసేజ్‌గా ఇద్దరికీ పంపితే ఈ జాప్యం పోతుంది. ఖర్చు లేని మార్పుల్లో దీనికే మొదటి స్థానం ఇవ్వాలి.

విబ్రియో రిపోర్టు మాత్రం అదే రోజు అడగకండి. టీసీబీఎస్ ప్లేటు (విబ్రియోను పెంచే పళ్లెం) మీద నీళ్లు పరిచి, ఇంక్యుబేటరులో దాదాపు 24 గంటలు ఉంచితేనే కాలనీలు లెక్కపెట్టే సైజుకు వస్తాయి. పసుపువి వేరు, ఆకుపచ్చవి వేరు. ఆకుపచ్చవి రోజురోజుకూ పెరుగుతుంటే జాగ్రత్తపడాలి. సాయంత్రానికే విబ్రియో అంకె ఇచ్చే ల్యాబు ఎక్కడైనా కనిపిస్తే ఆ అంకె ప్లేటు మీద నుంచి వచ్చింది కాదు. ఈ షాపు 24 గంటలూ ఆగుతుంది, ప్లేటు ఫోటో కూడా పంపుతుంది.

బతికున్న రొయ్యల విషయంలో మాత్రం వరస క్రమం దెబ్బతీస్తోంది. ముందొచ్చిన సీసా ముందు అన్నట్టు టోకెన్ నంబర్లు ఇస్తారు. నీళ్ల సీసా ఐస్‌లో రెండు గంటలు ఆగగలదు. కవరులో తెచ్చిన నీరసపు రొయ్య అరగంట ఆగదు. చచ్చిన రొయ్య లివర్ గంటలోపే కరగడం మొదలవుతుంది, మైక్రోస్కోపు కింద చూసేందుకు ఏమీ మిగలదు. ఈశాన్య రుతుపవనాల కాలంలో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, వాన పడిన మర్నాడు ఉప్పు, ఆల్కలినిటీ రెండూ పడిపోయి ఇక్కడ బయట దాకా వరస ఉంటుంది. ఆ రోజుల్లోనే రొయ్యలు తెచ్చేవాళ్లు ఎక్కువ, వాళ్లకే ఆలస్యం ఎక్కువ. రొయ్యలకు వేరే రంగు టోకెన్ ఇచ్చి ముందు చూడాలి. రైతు వైపు నుంచి చేయాల్సింది, నీరసంగా గట్టు పక్కన తిరిగేవి ఐదారు, ఆరోగ్యంగా ఉన్నవి రెండు మూడు తెండి. తేడా పక్కపక్కన పెట్టి చూస్తేనే తెలుస్తుంది.

అదే వరసలో ఇంకో ప్రమాదం ఉంది, దీని గురించి ఏ షాపులోనూ ఎవరూ మాట్లాడడం లేదు. జబ్బు రొయ్యల కవరు పట్టుకున్న మనిషీ, సీడు వేయబోతూ మేత కొనుక్కునే మనిషీ ఒకే కౌంటరు ముందు నిలబడతారు. కవరులోంచి నీళ్లు నేల మీద కారతాయి. ఆ తడి చెప్పులతోనే అందరూ తమ తమ గట్ల మీదకు వెళతారు. చూసేసిన రొయ్యలను, కవరు నీళ్లను వెనక సింకులో పోస్తే అది వీధి కాలవలోకి పోతుంది. ఆ కాలవ ఎక్కడ కలుస్తుందో ఆ ఊళ్లో అందరికీ తెలుసు. 1994, 95లో ఈ తీరంలో టైగర్ రొయ్యను పడగొట్టింది తెల్లమచ్చ (వైట్ స్పాట్) అనే వైరస్ జబ్బు. వనామీ రకం రొయ్య పెంపకానికి 2009లో అనుమతి వచ్చాక కూడా అది పోలేదు, మందు ఇప్పటికీ లేదు. వెనక వైపు నుంచి రొయ్యలకు వేరే దారి, గుమ్మంలో క్లోరిన్ నీళ్ల తొట్టి, సింకు కింద బ్లీచింగ్ కలిపిన డ్రమ్ము ఉండాలి. కవరు నీళ్లు, రొయ్యలు రెండూ ఆ డ్రమ్ములోనే పడాలి. రైతు గుంటను కాపాడతామనే షాపు తన నేలను ముందు కాపాడుకోవాలి. ఈ ఒక్క విషయంలో మాత్రం మార్కులు ఇవ్వడానికి మనసు రావడం లేదు.

గుంటలో తెల్లమచ్చ ఖాయమైన రోజు షాపు ఎలా ఉంటుందన్నది కూడా చూడాలి. ఇక్కడ బాగానే ఉంటారు. పట్టుబడికి (రొయ్యలు పట్టి అమ్మడానికి) పనికొచ్చే సైజు ఉందో లేదో చెప్పి, లేకపోతే నీళ్లు కాలవలోకి వదలొద్దని గట్టిగా చెబుతారు. 30 శాతం క్లోరిన్ ఉన్న బ్లీచింగ్‌తో 30 పీపీఎం క్లోరిన్ పడాలంటే, పైన చెప్పిన లోతులో ఎకరాకు 485 కిలోలు కావాలి. అంత సరుకు ఇక్కడ ఎప్పుడూ నిల్వ ఉంటుంది. మూతి విప్పిన పాత బస్తాలు మాత్రం తీసుకోకండి, క్లోరిన్ ఎగిరిపోయి ఉంటుంది.

సీడు పీసీఆర్ పరీక్ష (జబ్బు క్రిమి జన్యువును పట్టే పరీక్ష) దగ్గర షాపు రైతును సరిగ్గా దారిలో పెట్టడం లేదు. కవరులో ముప్పై పిల్లలు తెచ్చినా తీసుకుంటారు, 'నెగటివ్' అని ఇస్తారు. హేచరీ ట్యాంకులో నూటికి రెండు పిల్లలకు వైరస్ ఉందనుకోండి. ముప్పై పిల్లల్లో ఒక్కటీ జబ్బుది రాకుండా పోయే అవకాశం సగానికి పైనే. నూట యాభై పిల్లలు తెస్తే అది ఐదు శాతానికి దిగుతుంది. పరీక్ష ఖర్చు అంతే, ఎందుకంటే పిల్లలను కలిపి నూరి చూస్తారు. తేడా తెచ్చే సంఖ్యలోనే ఉంది. వైట్ స్పాట్‌తో పాటు ఈహెచ్‌పీ అనే పరాన్నజీవిని కూడా చూడమని అడగండి. ఈహెచ్‌పీ రొయ్యను చంపదు, ఎదగనివ్వదు. వంద రోజులు మేత తిన్నా కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలన్న లెక్క) రాకుండా ముంచుతుంది. దానికీ మందు లేదు. మందు ఉందని ఎవరైనా పొట్లం చూపిస్తే దాని మీద ఏం కలిపారో అచ్చు వేసి ఉందో లేదో చూడండి. లేబులు లేని పొడి ఏదీ గుంటలోకి పోనివ్వొద్దు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల లాంటి నిషేధిత యాంటీబయాటిక్స్ ఆనవాలు దొరికితే ఎగుమతి సరుకే వెనక్కి వస్తుంది. ఈ షాపు లూజు పొట్లాలు అమ్మదు, అది మంచిది. బిల్లులో బ్యాచ్ నంబరు మాత్రం ఉండదు, అడిగి రాయించుకోవాలి.

మేత సరుకు బాగుంది. బస్తాలు చెక్క పలకల మీద, గోడకు ఎడంగా, తయారీ తేదీ కనిపించేలా పేరుస్తారు. బూజు వాసన లేదు.

అప్పు ఖాతా ఈ షాపులో అన్నిటికంటే మసకగా ఉన్న చోటు. మేత తీసుకునేటప్పుడు చీటీలో బస్తాల సంఖ్య రాస్తారు, ధర రాయరు. ధర తెలిసేది పట్టుబడి రోజున. ఎకరాకు రెండు టన్నుల రొయ్య, కిలో రొయ్యకు 1.4 కిలోల మేత లెక్కన 2,800 కిలోలు, అంటే 25 కిలోల బస్తాలు 112. బస్తా నగదు ధర 2,300, అప్పు ధర 2,450 అనుకుందాం. ఎకరాకు 16,800 రూపాయల తేడా. పంటకు పెట్టుబడి దొరకడమే గొప్ప కాబట్టి రైతు దీన్ని ఒప్పుకుంటాడు. గమనించాల్సింది ఇంకోటి. సీడు వేసిన కొత్తలో తీసుకున్న బస్తాకూ, పట్టుబడికి పదిహేను రోజుల ముందు తీసుకున్న బస్తాకూ అదే 150 వేస్తారు. నాలుగు నెలల అప్పుకు అది నెలకు నూటికి రూపాయి అరవై పైసల వడ్డీ. పదిహేను రోజుల అప్పుకు నెలకు నూటికి పదమూడు రూపాయల వడ్డీ. గుంట మొత్తం మేతలో సగానికి దగ్గరగా చివరి నెలలోనే పడుతుంది. అంటే ఎక్కువ బస్తాలకు ఎక్కువ వడ్డీ కడుతున్నారు. ఎలాగైనా నగదు కూడదీయగలిగితే మొదటి నెలలో పెట్టకండి, చివరి నెల బస్తాలకు పెట్టండి. యాభై బస్తాలు నగదుకు తీసుకుంటే ఎకరాకు 7,500 మిగులుతుంది. షాపు వైపు నుంచి చేయాల్సింది తేలికే. నగదు ధర, అప్పు ధర రెండూ బోర్డు మీద రాయడం, బస్తా దించిన ప్రతిసారీ ఖాతా మొత్తం ఫోనుకు పంపడం. ధర దాచడం వల్ల షాపుకు వచ్చే లాభం కంటే పట్టుబడి రోజున గొడవపడి వెళ్లిపోయే ఖాతాల నష్టమే ఎక్కువ.

సలహా ఇచ్చిన తర్వాత మళ్లీ పలకరించడం అన్నది ఇక్కడ లేదు. 'ఎల్లుండి మళ్లీ తెండి' అని రాస్తారు, తేకపోతే ఎవరూ అడగరు. మూడో రోజున ఒక ఫోను చేసి, మేత తగ్గించారా, చెక్ ట్రేలో ఎంత మిగులుతోంది, పొద్దున పీహెచ్ ఎంత అని మూడు ప్రశ్నలు అడిగి రాసుకుంటే రైతుకు ధైర్యం. ఏ సలహా ఏ గుంటలో పనిచేసిందో ల్యాబుకూ తెలుస్తుంది. ఇప్పుడు ఆ జ్ఞానమంతా గట్ల మీదే పోతోంది.

నీటి పరీక్ష, మైక్రోస్కోపు, విబ్రియో ప్లేటు కోసం ఈ షాపుకు నిశ్చింతగా వెళ్లొచ్చు. కాగితం చేతికి రాగానే కౌంటరు దగ్గర ఆగకుండా, కింద నీలం ఇంకుతో రాసినవాటిలో మందు పేరు ఏదైనా ఉంటే అది మాత్రమే కొనండి. మోతాదును మీ గుంట లోతుతో మీరే గుణించుకోండి. తక్కువ ఉప్పు నీళ్లవాళ్లు పొటాషియం పరీక్షకు ఇంకో ల్యాబు చూసుకోవాలి. ఇక్కడి నుంచి గుంట మీదకు వెళ్లేటప్పుడు చెప్పులు, ఐస్ పెట్టె అడుగు బ్లీచింగ్ నీళ్లతో కడిగాకే గట్టెక్కండి.

ల్యాబు వేళలు ఉదయం ఏడు నుంచి సాయంత్రం ఆరు దాకా, ఆదివారం మధ్యాహ్నం పన్నెండు దాకా. విబ్రియో సీసాను శనివారం ఉదయం పదిలోపే ఇవ్వండి. మధ్యాహ్నం ఇస్తే ప్లేటు లెక్కకొచ్చే వేళకు ల్యాబు మూసి ఉంటుంది, సోమవారానికి కాలనీలు ఒకదాని మీద ఒకటి పెరిగిపోతాయి.